ఒకే ప్రశ్న రెండుసార్లు

ఛత్రినాక, హైదరాబాద్
12 జనవరి 1978

అక్కా,

ఇంటి క్షేమ సమాచారాలు అమ్మ వేరే కార్డులో రాస్తుంది కనుక నేరుగా విషయానికి వస్తున్నాను. నీ మీద చాలా కోపంగా ఉన్నాను.

నిన్న గుండయ్యను కలవడానికి మలక్‌పేట హాస్టల్‌కు వెళ్ళాను. గుండయ్య అంటే నీకు తెలుసు, పోయిన దసరాకు ఇంటికొచ్చి అమ్మను నవ్వించి నవ్వించి పొలమారేట్టు చేసినవాడు. భోజనాల హాల్లో బల్లలు దూరం దూరం జరిపి, పరీక్షకు కూర్చోబెట్టినట్టు అందరినీ కూర్చోబెట్టారు. మా లెక్చరర్ మురళీధర్ గారు చేతులు వెనక్కి కట్టుకొని వరసల మధ్య తిరుగుతున్నారు. గుండయ్య బయటికి రాగానే వాడి చేతిలోంచి మిగిలిపోయిన ఖాళీ కాగితం ఒకటి లాక్కొని చూశాను. పైన "మానసిక స్థితి ప్రశ్నావళి" అని ఉంది. అడుగున సన్నని అక్షరాలతో మీ బెంగుళూరు ఆసుపత్రి పేరు, దాని పక్కన "తెలుగు: అలివేలు". నా సొంత అక్క!

ప్రతి ప్రశ్న కింద నాలుగు వాక్యాలు. ఒకదానికి చుట్టు గీయాలి. "రేపటి మీద ఆశ ఉంది" అని మొదలుపెట్టి "రేపు అనేది నాకు లేకపోతేనే మేలు" దాకా దిగుతాయి. మనుషుల కడుపులోకి చెయ్యి పెట్టి దేవుతున్నట్టుంది. గుండయ్య మాత్రం నవ్వుతున్నాడు. "ఏడుపొస్తదా అని అడుగుతున్నరు రా. మెస్సుల పప్పు జూసినంక రాకుంటదా అని రాద్దామనుకున్న, జాగ లేదు" అన్నాడు.

పేరు రాయొద్దన్నారట. కానీ తల్లి పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీ, నెల రాయమన్నారట. పేరు వద్దంటూ తల్లినీ పుట్టుకనూ అడిగేవాళ్ళను ఏమనాలి? పైగా రెండు వారాల తర్వాత మళ్ళీ ఇవే ప్రశ్నలు, ఇదే కుర్రాళ్ళకు వేస్తారట. ఎందుకక్కా? ఎమర్జెన్సీలో మా కాలేజీ పెంటయ్యను గోడరాతల కేసులో తీసుకుపోయినప్పుడు ఎస్సై ఏం చేశాడో తెలుసా? అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడిగాడు. మొదటిసారి అడిగేది జవాబు కోసం, రెండోసారి అడిగేది అబద్ధం పట్టుకోవడానికి. ఆ ప్రభుత్వం పోయి ఏడాది కూడా కాలేదు. అలవాట్లు పోయాయని నన్ను నమ్మమంటావా?

దీనికి డబ్బు ఎవరిస్తున్నారు? ఈ ప్రశ్నలు మొదట ఏ దేశంలో పుట్టాయి? జవాబులు ఎవరి బల్ల మీదికి చేరుతాయి? డొంకతిరుగుడు లేకుండా రాయి.

వైకుంఠం


బెంగుళూరు
18 జనవరి 1978

చిరంజీవి వైకుంఠానికి అక్క ఆశీస్సులు.

కోపంగా ఉన్నానని వేరే రాయనక్కర్లేదు. నీ పాళీ కాగితాన్ని మూడుచోట్ల చింపింది.

ప్రశ్నలు పుట్టింది అమెరికాలోనే. డబ్బు మన ప్రభుత్వానిదే. ఇదివరకటి ప్రభుత్వానిదా ఇప్పటిదా అని నువ్వు అడుగుతావు, నాకు తెలియదు, నా జీతం మాత్రం ఆలస్యంగానే వస్తోంది. జవాబులు నా బల్ల మీదికే వస్తాయి. ఆ బల్లకు ఒక కాలు పొట్టి, కింద మడిచిన కాగితం పెట్టాను.

రెండుసార్లు ఎందుకు అంటావు. తక్కెడ మీద అనుమానం వచ్చినప్పుడు అదే మూటను మళ్ళీ పెట్టి తూస్తారు కదా. అనుమానం తక్కెడ మీద, మూట మీద కాదు. నేను తెలుగు చేసిన వాక్యాలు మొదటిసారి ఒకలా, రెండోసారి ఒకలా అర్థమైతే నా తెలుగు పనికిరాదన్నమాట. ఆరు నెలలు ఈ వాక్యాలతో కుస్తీ పట్టాను. మన వాళ్ళు "నాకు విచారంగా ఉంది" అని ఎక్కడంటారు? తల బరువంటారు, అన్నం సయించలేదంటారు, మనసు ఒకచోట లేదంటారు. అదంతా ఆలోచించి రాసినవి అవి. మనిషి దిగులుతో మంచం పట్టకముందే ఎవరైనా కనిపెట్టాలన్నది మా ఆశ. పోలీసులకు దీనితో ఏం పని?

తల్లి అక్షరం, పుట్టిన రోజు రాయమన్నది నా ఆలోచనే. ఇద్దరికి అవి కలవడం అరుదు. పేరు తెలియకుండానే మొదటి కాగితం, రెండో కాగితం ఒక మనిషివేనని తెలిసిపోతుంది. మా ప్రొఫెసర్ గారు మెచ్చుకున్నారు కూడా. ఇంట్లో నువ్వొక్కడివే తిట్టావు.

పత్తర్‌గట్టిలో రంగుకు ఇచ్చిన నా శాలువా తెచ్చావా? ఇక్కడ చలి వదలడం లేదు. బాపును పొద్దున్నే గుడికి తడి తలతో వెళ్ళనివ్వకండి.

అలివేలు


ఛత్రినాక
29 జనవరి 1978

అక్కా,

శాలువా తెచ్చాను. నువ్వు చెప్పిన రంగు కాదు. అది నా తప్పు కాదు, రంగులవాడి తప్పు.

నీ తక్కెడ కథ హాస్టల్ డాబా మీద అందరికీ చదివి వినిపించాను. "అయితే మనం బియ్యం మూటలం" అన్నాడు ఒకడు. నేను ఒక అరగంట మాట్లాడాను. విద్యార్థి లోకాన్ని పిచ్చివాళ్ళుగా ముద్ర వేసి, ఎదురు తిరిగినవాడి నోరు మందులతో మూయించిన దేశాలున్నాయని నేను చదివిన కరపత్రాల్లోంచి వివరంగా చెప్పాను. కాగితాలు చింపి పారేయాలని నా ప్రతిపాదన.

గుండయ్య లేచాడు. వాడు సభల్లో లేవడం ఎప్పుడూ చూడలేదు. "చింపితే గూండాలంటరు భాయ్. లొల్లి ఎందుకు? అందరం మస్తు ఖుషీగున్నమని రాద్దాం. ప్రతి ప్రశ్నకు మొదటి వాక్యం. గింత సుఖమున్న హాస్టల్ దేశంల లేదని ఢిల్లీదాక ఎర్కగావాలె" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. నాకు రాని ఆలోచన వాడికి వచ్చిందని కొంచెం ఈర్ష్య కూడా కలిగింది.

నిన్న అలాగే జరిగింది. గుండయ్య ముందు బల్ల మీద కూర్చొని, "నిద్ర మంచిగ వడ్తది, ఆకలి మంచిగ ఐతది, రేపటి మీద ఆశ మస్తున్నది" అని పైకి చదువుతూ చుట్లు గీశాడట. వెనకవాళ్ళంతా వాడిని చూసి గీశారు. మురళీధర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నారట. ఒక్కడు కూడా జారిపోలేదు. ఇదీ ఐక్యత అంటే.

నువ్వు మంచిదానివే అక్కా. నీ చేత పని చేయించుకుంటున్నవాళ్ళ ఎత్తుగడ ఏమిటో నీకు తెలియదు, అంతే. ఇప్పుడు తూచుకోండి.

పోరాట వందనాలతో,
వైకుంఠం


బెంగుళూరు
11 ఫిబ్రవరి 1978

వైకుంఠం,

నీ ఐక్యత పార్సిల్‌లో చేరింది. ఆరు నెలల నా పని, ఒక డాబా మీద అరగంట ఉపన్యాసంతో అయిపోయింది. మా ప్రొఫెసర్ గారు కాగితాలు మళ్ళీ కట్ట కట్టి పక్కన పెట్టారు. కోప్పడినా బాగుండేది.

తిట్టడానికి రాయడం లేదు. ఇంకొకటి అడగాలి. నిజం చెప్పు.

రెండు విడతలూ వచ్చాకే కట్టలు విప్పాలని మా పద్ధతి. ఒకదాని ప్రభావం ఇంకొకదాని మీద పడకూడదని. మొదటి కట్టను నేనే బీరువాలో పెట్టాను. నిన్న రెండూ విప్పాను. మొదటి విడతలో ఒక కాగితం ఉంది. ప్రతి ప్రశ్నకూ చివరి వాక్యం దగ్గరో, దాని ముందు వాక్యం దగ్గరో చుట్టు. రేపు అనేది లేకపోతేనే మేలన్న దాని చుట్టూ రెండుసార్లు గీసి ఉంది, కాగితం వెనక్కి అచ్చు పడేంత గట్టిగా.

దాని మీద గుర్తు: చ, జులై ఒకటి. రెండో విడతలో దాని జత ఏదా అని వెతికితే అదే గుర్తుతో ఆరు కాగితాలు, ఆరూ నవ్వుమొహాలే. మొదటి విడతలోకి మళ్ళీ వెళ్ళి చూస్తే అక్కడా ఆరు. అలా జరగదు. అంటే ఒకడే సరదాకు ఆరు కాగితాలు తీసుకొని నింపాడా? ఆ భయంకరమైన కాగితం కూడా మీ వేళాకోళమేనా? అయితే చెప్పు, కోపం తెచ్చుకొని మరిచిపోతాను.

కాకపోతే ఆ అబ్బాయి ఎవరో తెలియాలి. తల్లి పేరు 'చ'తో మొదలై, జులై ఒకటిన పుట్టినవాడు ఎవరు? వెంటనే రాయి.

అలివేలు


ఛత్రినాక
16 ఫిబ్రవరి 1978

అక్కా,

చివరికి అడిగావు! "పేరు ఎవరికీ తెలియదు" అన్నది జనవరిలో, "ఎవరో రాయి" అన్నది ఫిబ్రవరిలో. పెంటయ్య విషయంలో ఆ ఎస్సైకి కూడా కొంచెం ఎక్కువ ఓపిక ఉంది. నీ వెనక నిలబడి ఈ ఉత్తరం రాయించింది ఎవరు?

నీ లెక్కలో ఉన్న గొప్పతనం చెబుతాను విను. నీకూ నాకూ బాపు జాతకాలు రాయించారు. ఊళ్ళనుంచి వచ్చిన ఈ కుర్రాళ్ళకు ఎవరు రాయించారు? బడిలో చేర్చేటప్పుడు "ఎప్పుడు పుట్టాడు" అంటే "గాలివాన వచ్చిన ఏడు" అంటారు తల్లులు. హెడ్మాస్టరు జులై ఒకటి అని రాసుకుంటాడు. సగం హాస్టల్ జులై ఒకటిన పుట్టిందే! ఇక చంద్రమ్మలు ఏ ఊళ్ళో లేరు? ఆరు కాగితాలూ ఆరుగురు నిజమైన మనుషులవి. మీ ప్రొఫెసర్ గారికి ఈ దేశంలో పిల్లలు ఎలా పుడతారో కూడా తెలియదన్నమాట.

ఆ ఆరుగురూ ఎవరో నేను పదినిమిషాల్లో కనుక్కున్నాను. గుండయ్య కూడా వాళ్ళలో ఒకడే. వాడి పేరు రాస్తే నష్టం లేదు, వాడు నా కుడిభుజం. నీ ఉత్తరం వాడికి చూపించాను. చదివి మడిచి ఇచ్చి, "పేర్లు ఇయ్యకు. ఇస్తే ఆ పోరని సంగతి వాళ్ళూరిదాక పోతది" అన్నాడు. ఆ తర్వాత, "హాస్టలంత కవలపిల్లలమే రా మనం, మా అవ్వలకు తెల్వదు" అని నవ్వాడు.

మిగతా ఐదుగురి పేర్లు నా నుంచి రావు. లాఠీతో అడిగినా రావు.

వైకుంఠం


బెంగుళూరు
19 ఫిబ్రవరి 1978
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

తమ్ముడూ,

నువ్వు ఎగతాళికి రాసిన మాటను మూడుసార్లు చదివాను. ఆరు కాగితాలూ ఆరుగురివైతే ఆ ఒక్క కాగితం వేళాకోళం కాదు. ఒకడు నిజంగానే రాశాడు. రాసి నెల దాటింది. మా పద్ధతి ప్రకారం అది బీరువాలో ఉంది.

పేరు నాకు రాయకు. మా ప్రొఫెసర్ గారికీ వద్దు. మురళీధర్ గారికి నేను రాయలేదు. ఆయన మంచివారే, కానీ వార్డెన్‌కు చెబుతారు, వార్డెన్ పెట్టె సర్దించి బస్సెక్కిస్తాడు. చూశావా, నాకూ అనుమానాలున్నాయి. మనం ఒక ఇంటివాళ్ళమే.

నన్ను నమ్మకు. ఆసుపత్రిని నమ్మకు. కానీ నువ్వు వెళ్ళి అడుగు. ఆరుగురినీ, ఒక్కొక్కణ్ణి విడిగా. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ మాటతోనే అడుగు. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకు, పుట్టదు. ఉన్నవాడికి చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. అడిగాక నోరు మూసుకో. దేశం గురించీ ప్రపంచం గురించీ మాట్లాడకు. అవునన్నవాణ్ణి ఒక్క గంట కూడా ఒంటరిగా వదలకు, దవాఖానకు నువ్వే తీసుకెళ్ళు.

ఈ ఉత్తరం అందిన రోజే.

అక్క


ఛత్రినాక
5 మార్చి 1978

అక్కా,

పది రోజులుగా జవాబు రాయలేదని టెలిగ్రాం ఇచ్చావు. అది చూసి బాపు కంగారుపడ్డారు, నేను తిట్లు తిన్నాను. వరసగా చెబుతాను.

నీ ఉత్తరం ఒక మధ్యాహ్నం అందింది. మొదట నమ్మలేదు. పేరు వద్దనడం కూడా ఒక ఎత్తేనేమో, నేనెవరి గదికి వెళతానో ఎవరైనా చూస్తుంటారేమో అనుకున్నాను. సైకిల్ మీద మలక్‌పేట వెళుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా. ఒక్కడినే వెళ్ళడానికి మనసొప్పక గుండయ్యను తోడు తీసుకున్నాను. ఉత్తరం చూపించలేదు, సంగతి చెప్పాను. "అడుగుదాం పా. నేను తలుపుకాడ నిలబడ్త" అన్నాడు.

మొదట శివయ్య దగ్గరికి. ఎప్పుడూ మూలన కూర్చొని ఎవరితో మాట్లాడనివాడు కనుక వాడేనని నా గట్టి నమ్మకం. అడిగాను. వాడు చెంబు కింద పెట్టి, "ఎవడన్నడు రా? మా మేనత్త బిడ్డను ఖాయం చేసిన్రు నాకు, ఎండకాలంల లగ్గం. సావుమాట తెస్తవా నువ్వు?" అని మీదికొచ్చాడు. గుండయ్య మధ్యలో దూరి, "లగ్గమైనంక మల్ల అడుగుతం తియ్యన్నా" అని నవ్వించి బయటికి లాక్కొచ్చాడు. తక్కిన నలుగురూ అంతే. ఒకడికి పరీక్షల భయం, ఒకడికి కడుపునొప్పి, ఇద్దరు నన్నే ఎగాదిగా చూశారు. ఎవడికీ అది లేదు.

సాయంత్రం రేసుకోర్సు గోడ పక్కన సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాం. నేను మండిపడుతున్నాను. "వీళ్ళలో ఎవడో అబద్ధమాడుతున్నాడు. శివయ్యే. ఆ కోపం చూశావా, దొంగకోపం" అన్నాను.

గుండయ్య ఆగాడు. "నువ్వు లెక్కల మొదట్నుంచి గింతే. ఆరుగురన్నవ్. ఐదుగురినే అడిగినవ్."

"ఇంకెవడున్నాడు?"

"నన్ను అడగలే."

నేను నవ్వానక్కా. వాడు కూడా నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. "పొద్దంతా అందరినీ నవ్విస్తావు కదరా" అన్నాను. "అది చేతనైన పని. పనులు చేస్తనే ఉంటం గద" అన్నాడు.

ఎందుకు అన్నాను. "తెల్వది" అన్నాడు. "దసరా నుంచి నిద్ర లేదు. అన్నం మట్టి లెక్క ఉంటది. ఎవడు అడిగిండు? గా కాగితమే అడిగింది. మంచిగ, మనమనుకునే మాటల్లనే అడిగింది. రాసిన. రాసినంక రెండు మూడు దినాలు, ఎవరన్న వస్తరేమో అని గది తలుపు దగ్గరకేసి కూసున్న. ఎవ్వరు రాలే. నువ్వొచ్చినవ్. వచ్చి, అవి పోలీసోళ్ళ కాగితాలన్నవ్. నేను రాసింది పట్టుకొని మా అవ్వకాడికి పోతరని భయమైంది. అందుకే అందరం ఖుషీగున్నమని రాసే ముచ్చట లేపిన. అందరివి ఒక్కతీరుగుంటే నాది దొరకదు గద."

నాకు చాలా మాటలొచ్చాయి. అరవాలనిపించింది, వాడి మీద, నీ బీరువా మీద, నా మీద. నువ్వు నోరు మూసుకోమన్నావు కదా, మూసుకున్నాను. నా జన్మలో అంతసేపు మాట్లాడకుండా ఎప్పుడూ లేను. వాడే చెప్పుకుంటూ పోయాడు. ఇక చాలనుకొని రెండుసార్లు బయల్దేరి వెనక్కి వచ్చాడట. ఎక్కడికో రాయను. గోడకు ఆనుకొని ఇద్దరం కింద కూర్చున్నాం. సైకిల్ పడిపోయింది, లేపలేదు.

ఆ సాయంత్రమే మన ఇంటికి తీసుకొచ్చాను. పరీక్షలకు కలిసి చదువుకుంటామని చెప్పాను. బాపు "ఏ ఊరు నాయనా" అని ఒక ప్రశ్న అడిగారు, రెండోది అడగబోయి ఎందుకో ఆగిపోయారు. అమ్మ మాత్రం వాడి కంచం చూసి, "దసరాకు ఎట్ల తిన్నడు, ఇప్పుడేంది గిట్ల కెలుకుతున్నడు" అని నన్ను పక్కకు పిలిచి అడిగింది. నెలన్నరగా రోజూ వాడితో తిరిగింది నేను, మొదటి ముద్దకే పట్టుకున్నది అమ్మ.

మర్నాడు పెద్ద దవాఖానకు వెళ్ళాం. డాక్టరు కూడా ఏదో రాసుకుంటున్నాడు. "ఆ కాగితం ఎక్కడికి పోతుంది?" అని అడిగాను. "నా సొరుగులోకి" అన్నాడు. "తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" అన్నాను. ఆయన కలం ఆపి, "నువ్వెవరు బాబూ, సీఐడీవా?" అన్నాడు. గుండయ్య ముక్కుతో నవ్వాడు. మందులిచ్చాడు. పనిచేయడానికి వారాలు పడుతుందట, అందాకా చూసుకోవాలట. మాత్రలు నేనే దాచి, పూటపూటా నేనే ఇస్తున్నాను. వాటి మీది పేర్లన్నీ రాసి పెట్టుకున్నాను, నువ్వు విచారించి చెప్పు. డాక్టరు మీద నాకు పూర్తి నమ్మకం లేదు.

పేరు రాయొద్దన్నావు. వాడే రాయమన్నాడు. "మీ అక్కకు రాయి, మొదటి కాగితం ఆట గాదు, రెండోదే ఆట అని. ఆమె తెలుగు ఖరాబు గాలేదని రాయి" అన్నాడు. కాబట్టి నీ తక్కెడ సరిగానే తూచింది. కానీ మీ పెద్దలకు నా మాటగా ఒకటి చెప్పు. కాగితం పంపితే దాని వెనకే ఒక మనిషిని కూడా పంపండి. మనిషి లేకపోతే కాగితం పంపకండి. అడిగి బీరువాలో పెట్టడం ఎస్సై చేసిన పనికంటే గొప్పదేమీ కాదు. నా వాటా తప్పు నాకు తెలుసు, అది నువ్వు వేరే ఉత్తరంలో తీరిగ్గా రాయి, పడతాను.

ఇప్పుడు వాడి మీద నాకు అన్నిటికీ అనుమానమే. నవ్వితే అనుమానం, నవ్వకపోతే అనుమానం. బజారుకు వెంటపోతే, "ఏంది రా, జీతమిస్తున్నరా నీకు?" అంటాడు. ఇవాళ మొదటిసారి అడగకుండానే స్నానానికి లేచాడు. పెరట్లో స్నానాల గదిలో ఏదో సినిమా పాట అందుకున్నాడు, చరణం తప్పు పాడుతున్నాడు. నేను వసారాలో కూర్చొని ఇది రాస్తూ ఒక చెవి అటు పెట్టాను.

పాట ఆగింది. ఒక్క నిమిషం ఉండు.

ఏం లేదు. సబ్బు కళ్ళల్లో పడిందట. నేను తలుపు ఊడేట్టు బాదితే, "నీళ్ళు గూడ పోసుకోనియ్యవా రా దొర!" అని లోపలినుంచి కేకేశాడు. అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి ఇద్దరినీ తిడుతోంది. వాడు మళ్ళీ అందుకున్నాడు, అదే చరణం, అదే తప్పు.

నీ తమ్ముడు,
వైకుంఠం